ఇంకో ఆర్నెల్లు ఉండుంటే

మా మామయ్య ఆర్నెల్లపాటు సైగాన్‌ను ఏలాడు. ఏలడం అన్నది ఆయన మాట. నాకు అర్థమైనంతవరకు ఆయన అక్కడ ఒక బజారు ముందు తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు.

జపానువాడు చేతులెత్తేశాడు, యుద్ధం అయిపోయింది, ఇక ఇంటికి పంపించేస్తారని బర్మాలో పెట్టె సర్దుకుంటున్న మనిషిని దొరలు తీసుకెళ్లి సైగాన్‌లో దించారు. లొంగిపోయిన జపానువాళ్ల దగ్గర తుపాకులు లాక్కోవడం వీళ్ల పని. లాక్కున్నారు. ఈలోగా ఆ ఊరివాళ్లు ఫ్రెంచివాళ్ల ఏలుబడి ఇక వద్దు, మా దేశం మాకిచ్చి మీరు దయచేయండని గొడవ మొదలుపెట్టారు. కాపలాకు మనుషులు చాలలేదు. దాంతో లాక్కున్న తుపాకులు అదే జపానువాళ్లకు తిరిగిచ్చి మామయ్య పక్కనే నిలబెట్టారు. అంటే ఇండియావాడూ జపానువాడూ కలిసి, ఇంగ్లీషువాడి హుకుం మీద, ఫ్రెంచివాడి కోసం, వియత్నాంవాడి బజారును వియత్నాంవాడి బారినుంచి కాపాడారన్నమాట. ఈ వాక్యాన్ని మొదటిసారి కూడబలుక్కున్నప్పుడు నాకు నవ్వాగలేదు. మామయ్యకు మాత్రం ఇందులో నవ్వేందుకేముందో అర్థం కాలేదు.

ఆర్నెల్లకు ఆ పటాలాన్ని వెనక్కి పిలిచారు. మామయ్య నందిగామ వచ్చి, పెళ్లి చేసుకుని, ఒక్కగానొక్క కూతుర్ని కని, మిషను హాస్టల్లో స్టోరుకీపరుగా కుదురుకున్నాడు. అమెరికా నుంచి వచ్చే పాలపొడి డబ్బాలకు, గోధుమరవ్వ బస్తాలకు ఆయనే అధిపతి. మనిషి నందిగామలో ఉన్నా మాట సైగాన్ దాటి రాలేదు. ఎక్కడ ఏ సంభాషణ మొదలైనా చివరకు అక్కడికే చేరేది: "మేం ఇంకో ఆర్నెల్లు ఉండుంటే ఆ దేశం కథ వేరేగా ఉండేది."

వియత్నాంలో అమెరికావాడు దిగాక మామయ్య విలువ పెరిగింది. మంగలిషాపులో పేపరు చదివేవాడు కొత్తగా మరిన్ని పటాలాలు దిగాయని చదవగానే అందరూ మామయ్య వైపు తిరిగేవారు. ఆయన గడ్డాన సబ్బు నురగతోనే, "దించాలి. మేం వదిలేసొచ్చిన పని వాళ్లు పూర్తిచేస్తున్నారు" అని అనుమతి ఇచ్చేవాడు. అమెరికా అధ్యక్షుడు ఆ కబురు నందిగామ నుంచి ఎప్పుడొస్తుందా అని నిద్రమానుకుని కూర్చున్నట్టు.

ఇంతటి సేనాని ఊళ్లో ఖాళీగా ఉంటే మా ఫీల్డువాళ్లు ఊరుకుంటారా?

ఫీల్డు అంటే పొలం కాదు. నందిగామ చుట్టుపక్కల ఉన్న మా చర్చి సంఘాలన్నింటినీ కలిపి మిషను దొరలు ఫీల్డు అనేవారు. దొరలు వెళ్లిపోయారు, మాట మిగిలింది. దాన్ని ఏలడానికి ఒక సెక్రటరీ గారు మిగిలారు. రిటైరైన హెడ్మాస్టరు. బడిలో అలవాటైన బెత్తం చేతిలో లేకపోవడంతో ఆ చేతిని ఏం చేసుకోవాలో తెలియక ఎప్పుడూ గాలిలో ఊపుతూ ఉండేవారు. జగ్గయ్యపేట సంఘానికి ఉన్న పాస్టరు గారిని ఆయన బదిలీ చేశారు. అక్కడివాళ్లు మా అయ్యగారిని మేం వదలం అన్నారు. అంతే జరిగింది. ఇంత చిన్న సంగతిని ఇద్దరు పెద్దమనుషులు టీ తాగుతూ తేల్చేయవచ్చు. కాబట్టి మావాళ్లు కోర్టుకు వెళ్లారు.

నందిగామ మున్సబు కోర్టు వరండాలో ఎవరో ప్లీడరు గుమస్తా సెక్రటరీ గారికి ఒక రహస్యం చెప్పాడట: ఆస్తి ఎవరి స్వాధీనంలో ఉంటే కేసు వాళ్లదే. ఇక ఆయన చెయ్యి మరింత ఊగింది. జగ్గయ్యపేట చర్చిని స్వాధీనం చేసుకుని, వాయిదా అయ్యేదాకా పట్టు విడవకుండా కూర్చోవాలి. దండుకు నాయకుడు మామయ్య. సైన్యం: సైకిల్ షాపు కుర్రాడొకడు, చందర్లపాడు నుంచి ఒక తాపీ మేస్త్రి, నేను. బీఏ తప్పి ఇంట్లో అన్నానికి కూర్చుంటున్నవాణ్ణి కనుక నన్ను పంపడానికి మా అమ్మ క్షణం ఆలోచించలేదు. ఆత్మసంబంధమైన విషయాలు చూసుకోవడానికి కొత్త పాస్టరు గారు కూడా వెంట వచ్చారు.

మామయ్యకు మాత్రం జగ్గయ్యపేటలో సొంత పని ఇంకొకటి ఉంది. కూతుర్ని ఇచ్చింది ఆ ఊళ్లోనే. ఆవిడ నాకంటే పెద్దది, వదిన అంటాను. భర్త ఎలిమెంటరీ స్కూలు మాస్టరు. పెళ్లయిన నాలుగైదేళ్లకు ఇప్పుడు తొలిచూలు. పురిటికి పుట్టింటికి తీసుకురావాలి. నందిగామలో మా అత్తయ్య అప్పటికే మంచం బిగించింది, పాత చీరలు చింపి పక్కగుడ్డలు కుట్టింది. చర్చి స్వాధీనం చేసుకుని, వారంలో వాయిదా చూసుకుని, వచ్చేటప్పుడు పిల్లను వెంటబెట్టుకొచ్చేస్తా అన్నాడు మామయ్య. అత్తయ్య ఆయన్ని కాసేపు చూసి, ముందు పిల్లను తీసుకురా, తర్వాత ఏ ఊరు కావాలంటే ఆ ఊరు ఏలుకో అంది. సైనిక విషయాలు ఆడవాళ్లకు అర్థం కావని ఆయన బస్సు చిల్లకల్లు చేరేదాకా నాతో చెబుతూనే వచ్చాడు.

ముట్టడికి గునపం తెచ్చాం. చర్చి ఊడ్చే ముసలమ్మ కోదాడ వైపు నుంచి వచ్చిన మనిషి. మా వాలకం చూసి, "తాళంచెవి కావాలె గదా బిడ్డా, అడిగితే ఇయ్యనా?" అని కొంగుముడి విప్పి చేతిలో పెట్టింది. మామయ్య ముఖం వాడిపోయింది. గునపం బరువు మోసింది నేను, నిరాశ పడింది ఆయన.

లోపలికి వెళ్లి తలుపు వేసుకుని, పాత తాళం తీసేసి మేం తెచ్చిన కొత్త తాళం పెట్టాం. మధ్యాహ్నానికి వదిన వచ్చింది. నిండుగా ఉంది, చేతిలో నాలుగు గిన్నెల క్యారేజీ ఉంది. నాన్న వచ్చాడని ఎవరో చెబితే ఎందుకొచ్చాడో అడక్కుండా చేపల పులుసు వండుకొచ్చింది. గుమ్మంలో నిలబడి కొత్త తాళం చూసింది, గునపం చూసింది, ఎగాదిగా నన్ను చూసింది.

"నాన్నా, ఈ తాళం మీదా?"

"ఫీల్డుదమ్మా. వాయిదా దాకానే. వారం."

"ఆదివారం మేం ఎక్కడ ప్రార్థన చేసుకోవాలి?"

"కొత్త అయ్యగారొచ్చారుగా. రండి, తలుపు తెరిచే ఉంచుతాం. వచ్చి బుద్ధిగా కూర్చోండి."

వదిన క్యారేజీ ఇంకో చేతికి మార్చుకుంది. తర్వాత చాలా మామూలుగా, కూరల ధర చెబుతున్నట్టు చెప్పింది. "ఈ తాళం మా సంఘానికిచ్చిన రోజున వచ్చి పిలువు, బస్సెక్కుతా. ఇవ్వకపోతే ఇక్కడే కంటా. మా అత్త ఉంది, మంత్రసాని ఉంది." క్యారేజీ కింద పెట్టబోయినదల్లా మళ్లీ ఎత్తి పట్టుకుని వెళ్లిపోయింది. ఆవిడ మలుపు తిరిగేదాకా పులుసు వాసన తగులుతూనే ఉంది. మా యుద్ధంలో మొదటి నష్టం అదే, నా వరకు అతి పెద్దదీ అదే.

"వస్తుంది. ఇంకో వారం చూడు" అన్నాడు మామయ్య.

ఆదివారం వచ్చింది. తలుపులు బార్లా తెరిచాం, గంట కొట్టాం. ఎవరూ రాలేదు. ప్రహరీ బయట ఖాళీ జాగాలో ఊరివాళ్లు తాటాకు పందిరి వేసుకుని, చాపలు పరుచుకుని, మావైపు వీపులు పెట్టి కూర్చున్నారు. మా పాస్టరు గారు నలుగురు మనుషులకు వాక్యం చెప్పారు. అందులో ఒకడు నిద్రపోయాడు, ఒకడు నేను. పందిరి కింద పాట అందుకున్నారంటే ఇక ఈయన పెదవులు కదలడమే గాని మాట వినపడేది కాదు. తర్వాతి ఆదివారానికి పాస్టరు గారికి జ్వరం వచ్చింది. నందిగామ బస్సెక్కగానే తగ్గిందని తర్వాత తెలిసింది.

వాయిదా పడింది. జడ్జి గారు సెలవు. మళ్లీ పడింది. అవతలి ప్లీడరు రాలేదు. నందిగామ నుంచి కబురొచ్చినప్పుడల్లా మామయ్య గడ్డం నిమురుకుని ఇంకో వారం అనేవాడు. వారం తర్వాత ఇంకో పదిరోజులు. కాలం ఆయన చేతిలో రబ్బరులా సాగేది. సాగని కాలం ఊళ్లో ఒక్క చోటే ఉంది, వదిన కడుపులో. అత్తయ్య ఎవరో బస్సు కండక్టరు చేత కబురు పంపింది: మంచం ఖాళీగా ఉంది, నువ్వే వచ్చి పడుకుంటావా అని.

ఈలోగా మిరపకాయలు దిగాయి. జగ్గయ్యపేటలో మిరపకాయలు దిగితే చదునుగా ఉన్న నేలంతా కల్లమే. చర్చి ఆవరణలో ఏటా ఎండబోసుకుంటారట. ఆడవాళ్లు గంపలతో వచ్చి, మేమెవరో లోకంలో ఉన్నామన్న ధ్యాసే లేకుండా, గోడ నుంచి గుమ్మం దాకా ఎర్రగా పరిచేశారు. నడవడానికి జానెడు దారి వదిలారు. వద్దనడానికి మామయ్య బయటికి వెళ్లాడు. ఏమని వద్దనాలి? ప్రార్థనకు రమ్మన్నది ఆయనే, రావద్దంటే ఎలా? మధ్యాహ్నం గాలి లేచిందంటే ఆ ఘాటు చర్చిలోకి కొట్టేది. సైన్యం మొత్తం వేదిక కింద దూరి దగ్గేది. కళ్లనీళ్లు కారుతుంటే గుమ్మంలో నిలబడ్డ మామయ్యను చూసి, ఊళ్లో ఒక కథ పుట్టింది: నందిగామవాళ్లు పశ్చాత్తాపపడి ఏడుస్తున్నారని.

సైకిల్ షాపు కుర్రాడు పంక్చర్ల సీజను అని చెప్పి వెళ్లిపోయాడు. పంక్చర్లకు సీజను ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. తాపీ మేస్త్రి వెళ్లలేదు, అంతకంటే మంచి పని చేశాడు. పొద్దున టీ తాగడానికని వెళ్లి మధ్యాహ్నానికి రాకపోతే చూడబోయాను. ప్రహరీ అవతల పందిరి కింద, ఊరివాళ్ల కోసం, వాళ్ల పాత పాస్టరు గారు నిలబడి వాక్యం చెప్పడానికి అరుగు కడుతున్నాడు. తాపీ పట్టుకున్న చెయ్యి ఆగలేదు. ఇదేమిటయ్యా అంటే, పని లేకుండా కూర్చుంటే నడుములు పట్టేస్తున్నాయండీ, పైగా వీళ్లు భోజనం పెడుతున్నారు అన్నాడు. ఏం భోజనమని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. చేపల పులుసు.

ఇది చెబితే మామయ్య కోప్పడతాడనుకున్నాను. ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి చాలాసేపు పందిరి వైపు చూశాడు. అక్కడ సాయంత్రం ప్రార్థనకు జనం చేరుతున్నారు. మావైపు వీపులు. వాటిలో వదిన వీపు కూడా ఉంది, నడుం మీద ఒక చెయ్యి పెట్టుకుని.

"అక్కడా ఇంతేరా" అన్నాడు.

"ఎక్కడ?"

"సైగాన్‌లో. మేం కాసిన బజారుకి ఎవడూ వచ్చేవాడు కాదు. కూరగాయలమ్మే ఆడాళ్లు ముళ్లకంచె బయట కూర్చుని అమ్ముకునేవాళ్లు. ఇట్టాగే, మాకు వీపులు పెట్టి. లోపల ఈగలు, మేము."

ఇన్నేళ్లలో ఆయన ఈగల సంగతి ఎప్పుడూ చెప్పలేదు. సైగాన్ కథలో అప్పటిదాకా బ్యాండు మేళం, కవాతు, ఆయన చూపు చూసి భయపడ్డ ఫ్రెంచి దొరసాని ఉండేవి.

"మళ్లీ లోపలికొచ్చారా వాళ్లు?"

"మేం ఉన్నన్నాళ్లూ రాలేదు."

"ఇంకో ఆర్నెల్లు ఉండుంటే వచ్చేవాళ్లేమో" అన్నాను. వేళాకోళానికే అన్నాను. ఆయన చొక్కా అంచుతో ముక్కు తుడుచుకున్నాడు. మిరపఘాటే, ఇంకేం కాదు.

ఆ వారంలోనే సెక్రటరీ గారు సైన్యాన్ని ఉత్సాహపరచడానికి కారు మాట్లాడుకుని వచ్చారు. మిగిలిన సైన్యం నేనే. చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే ఉపన్యాసం ఇచ్చారు. గెలుపు దగ్గర్లో ఉందని, అవతలివాళ్లలో చీలికలొచ్చాయని, పట్టు సడలకూడదని. మధ్యలో పందిరి కింద నుంచి పాట మొదలైంది. చీలికలొచ్చిన గొంతుల్లా లేవు. ఆయన మాకు ధైర్యం చెప్పి, హోటల్లో భోజనం చేసి, చీకటి పడకముందే నందిగామ చేరిపోవాలని త్వరగా బయల్దేరారు. గెలుపు దగ్గర్లో ఉన్న చోట అరగంట కూడా ఉండలేకపోయారు పాపం.

తర్వాత ఎస్సై గారు వచ్చారు. ప్రార్థనకు అడ్డుపడుతున్నారని ఊరివాళ్లు ఫిర్యాదు చేశారు. ఆయన మోటారు సైకిల్ దిగి, మిరపకాయల మధ్య జానెడు దారిలో ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చి, తుమ్మి, పాస్టరు గారి కుర్చీలో కూర్చుని స్టేట్‌మెంటు రాయడం మొదలుపెట్టారు. కిటికీల దగ్గర ఊరంతా మూగింది. మామయ్య పటాలంలో నిలబడ్డట్టు మడమలు జోడించి నిలబడ్డాడు.

పేరు అడిగారు, చెప్పాడు. తండ్రి పేరు అడిగారు, చెప్పాడు.

"ఆక్యుపేషన్?"

మామయ్య ముఖంలో రంగు మారింది. ఎందుకో తెలియాలంటే ఒక సంగతి చెప్పాలి. మామయ్యకు వచ్చిన ఇంగ్లీషంతా పటాలంలో వచ్చింది. లెఫ్ట్, రైట్, హాల్ట్, లెట్రిన్, ఇంకొన్ని రాయకూడనివి. ఆక్యుపేషన్ అన్న మాట ఆయనకు సైగాన్‌లోనే తగిలింది. అక్కడ వీళ్లు చేసిన కాపలాకు దొరలు పెట్టిన పేరు ఆక్యుపేషన్ డ్యూటీ. పరాయివాళ్ల ఊళ్లో దిగి, కదలకుండా కూర్చోవడం. ఆ మాటకు బతుకుతెరువు అని ఇంకో అర్థం ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కాగితాల మీద ఆ గడి ఎప్పుడూ ఏ గుమస్తానో నింపేవాడు. కాబట్టి ఎస్సై గారు తనను వృత్తి అడుగుతున్నారని ఆయనకు తోచలేదు. నేరం పేరు చెప్పి, ఒప్పుకుంటావా అని అడుగుతున్నారనుకున్నాడు.

కిటికీ వైపు ఒకసారి చూశాడు. తర్వాత తల దించాడు.

"అవునండి. ఆక్యుపేషనేనండి."

"అవునేంటయ్యా. ఏంటో చెప్పు."

"జనం రాని చోట కూర్చుని కాపలా కాయడం అండి. మేం ఉండబట్టే రారు, వాళ్లు రావట్లేదని మేం ఉంటాం. సైగాన్‌లో ఇదే చేశా. ఇక్కడా ఇదే చేస్తున్నా."

కిటికీల దగ్గర ఒక్కరూ నవ్వలేదు. ఎస్సై గారు కలం ఎత్తి ఆయన్ని ఒకసారి, సైగాన్ ఏ తాలూకాలో ఉందో గుర్తుకు రానట్టు కప్పువైపు ఒకసారి చూశారు. మళ్లీ తుమ్ము వచ్చింది. ముగించే తొందరలో ఆ గడిలో 'వాచ్‌మన్' అని రాసుకుని, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు. మా మామయ్య యుద్ధ చరిత్ర మొత్తానికి ప్రభుత్వ రికార్డుల్లో మిగిలింది ఆ ఒక్క మాట.

జనం చెదిరాక ఆయనకు అర్థం విడమరిచి చెప్పాను. ఎస్సై అడిగింది నీ ఉద్యోగం మామయ్యా, స్టోరుకీపరు అంటే సరిపోయేది అన్నాను. ఆయన "అయితే నేను చెప్పింది తప్పా?" అని అడిగాడు. తప్పని చెప్పడానికి నాకు ఏమీ దొరకలేదు. జోకు కూడా దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం నందిగామ వెళ్లి సెక్రటరీ గారి ఇంటి వరండాలో కూర్చున్నాం. ఆయన పేపరు చదువుతున్నారు. వియత్నాంలో అమెరికావాడు మళ్లీ మనుషుల్ని దించాడు. ఆ వార్త మాకు వేలితో చూపించి, చూశావా పట్టుదల అంటే అదీ అన్నారు. మామయ్య తాళం వాళ్లకిచ్చేద్దామనుకుంటున్నా అని చెప్పాడు. సెక్రటరీ గారి చెయ్యి గాలిలో ఆగిపోయింది. ముందు బతిమాలారు, తర్వాత క్రమశిక్షణ గురించి చెప్పారు, తర్వాత హాస్టల్లో స్టోరుకీపరు ఉద్యోగం ఎవరిచ్చిందో గుర్తుచేశారు. వరుస బాగా ఎరిగిన మనిషి. మామయ్య అన్నిటికీ తలూపుతూ కూర్చున్నాడు.

"ఇప్పుడు వదిలేస్తే ఇన్నాళ్లు పడ్డ కష్టం ఏమైపోవాలయ్యా?" అన్నారు చివరికి.

"అది ఎప్పుడో పోయిందండి. దాని వెనకాల ఇంకొంత పోసినంత మాత్రాన తిరిగి రాదండి."

"ఇంకో ఆర్నెల్లు ఉండుంటే అని ఊరంతా చెప్పుకు తిరిగింది నువ్వు కాదా?"

"నేనేనండి. ఇంకో ఆర్నెల్లు ఉండుంటే ఇంకో ఆర్నెల్లు ఉండేవాళ్లం. అంతే జరిగేదండి."

"అంత పెద్ద అమెరికావాడే కదలకుండా కూర్చున్నాడు. నువ్వు లేచొచ్చేస్తావా?"

"ఆయన కూతుర్ని జగ్గయ్యపేటలో ఇవ్వలేదండి" అన్నాడు మామయ్య.

నేను ఎన్నో ఏళ్లుగా జోకులేస్తున్నాను. అంత మంచిది ఒక్కటీ వెయ్యలేదు. పైగా ఆయన జోకేశానని అనుకోలేదు. సెక్రటరీ గారూ అనుకోలేదు. మెట్లు దిగుతుంటే వెనక నుంచి, రేపటి నుంచి స్టోరుకు రానక్కర్లేదని కేక వినిపించింది. ఉద్యోగం పోయింది. ఆ విషయంలో నేనేమీ వేళాకోళం చెయ్యను. ఫీల్డుకు మాత్రం యోగ్యత గల మనిషి వెంటనే దొరికాడు. సెక్రటరీ గారి అల్లుడు.

ఆ సాయంత్రమే తిరిగి జగ్గయ్యపేట. పందిరి కింద ప్రార్థన జరుగుతోంది. మామయ్య చర్చికి చివరిసారి తాళం వేసి, తాళంచెవి అరచేతిలో పెట్టుకుని, మిరపకాయల మధ్య దారిలోంచి నడిచి, చాపల చివర నిలబడ్డాడు. ఎవరూ వెనక్కి తిరగలేదు. అయ్యగారు ఆయన్ని చూశారు, చూసి కూడా ప్రార్థన ఇంకాస్త పొడిగించారు. ఆ రోజు దేవుడికి చెప్పుకోవలసిన అవసరాలు ఊళ్లో చాలా ఉన్నట్టున్నాయి. వర్షాల కోసం, రోగుల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం, పాలకుల కోసం. మామయ్య చెయ్యి చాపి నిలబడే ఉన్నాడు. దింపమన్నట్టు మోచేత్తో పొడిచాను. దింపలేదు.

ఆమెన్ అన్నాక సంఘపెద్ద లేచి వచ్చాడు. బజార్లో కుట్టుమిషను పెట్టుకున్న టైలరు. కళ్లజోడు సర్దుకుని, తాళంచెవి తీసుకుని, మామయ్యను ఒక్క మాటా అనకుండా జేబులో వేసుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది. అది ఎక్కువసేపు నిలవలేదు. ఇంకో పెద్ద వచ్చి, తాళంచెవి నీ జేబులో ఎందుకుండాలి, చర్చికి స్థలమిచ్చింది మా తాత అన్నాడు. మూడో ఆయన, ఈ పందిరికి తాటాకు తోలించింది ఎవరో చెప్పమన్నాడు. అసలు ఇప్పుడు చర్చిలోకి వెళ్తే కొత్తగా కట్టించిన అరుగు ఏం చేసుకోవాలని నాలుగో ఆయన అడిగాడు. మా మేస్త్రి కూడా ఆ మాటకే తలూపాడు. విడుదలైన కాసేపటికే సర్వస్వతంత్రంగా కొట్టుకుంటున్నారు. పరాయివాడు వెళ్లిపోయాక మిగిలే పని అంతా ఇదే కాబోలు. ఏమైనా వాళ్ల కొట్లాట వాళ్లది, మధ్యలో మాకేం పని.

మామయ్య వాళ్లనెవరినీ చూడటం లేదు. వదిన చాప మీంచి లేవడానికి అవస్థ పడుతోంది. ఒక చెయ్యి అత్తగారి భుజం మీద, ఒక చెయ్యి నేల మీద. ఆయన రెండడుగులు వేసి ఆగిపోయాడు. పట్టుకుంటే ఏమంటుందో. ఆవిడ ఎలాగో లేచి, చీర దులుపుకుని, ఆయన దగ్గరికి వచ్చింది. చెమటలు పట్టిన ముఖం, ముక్కు ఎర్రగా ఉంది. ఆవిడకీ మిరపఘాటు తగిలినట్టుంది, అంతకంటే ఎక్కువ రాయను.

"రేపు మొదటి బస్సుకా?" అంది.

"నీకెప్పుడు వీలైతే అప్పుడేనమ్మా."

"మొదటి బస్సుకే. ఎండెక్కితే నావల్ల కాదు." నావైపు తిరిగి, "నువ్వేం నవ్వకు. రేపు ట్రంకుపెట్టె మోసేది నువ్వే" అంది.

మొదటి బస్సులో వదినకు కిటికీ పక్కన సీటు దొరికింది. ఆవిడ పక్కన మామయ్య, వెనక ట్రంకుపెట్టె మీద నేను. చిల్లకల్లులో మిరపకాయల బస్తాలతో నలుగురు ఎక్కారు. పెద్దరోడ్డు ఎక్కగానే బస్సు కుదుపులు తగ్గి మామయ్యకు కొంచెం ధైర్యం వచ్చింది. గొంతు సవరించుకున్నాడు. అత్తయ్యకు ఉద్యోగం సంగతి ఎలా చెప్పాలో కూతుర్ని అడుగుదామనుకున్నాడట, నాకు తర్వాత చెప్పాడు.

"నాన్నా, కాస్త జరుగు. కాళ్లు చాపుకోవాలి."

మామయ్య జరిగాడు. సీటు అంచుకు వచ్చాడు. వదిన ఒక కాలు పైకి పెట్టుకుని, నడుం సర్దుకుని, ఇంకా ఇబ్బందిగా కదిలింది. ఆయన ఇంకొంచెం జరిగాడు. ఇక జరగడానికి చోటు లేకపోతే లేచి నిలబడ్డాడు. ఆవిడ రెండు కాళ్లూ సీటు మీద చాపుకుని కళ్లు మూసుకుంది. కండక్టరు వచ్చి, సీటు ఉండగా ఎందుకండీ నిలబడటం, ఆమెను సర్దుకోమని చెప్పి కూర్చోండి అన్నాడు. మామయ్య వేలు పెదవుల మీద పెట్టుకుని, పిల్ల నిద్రపోతోందని సైగ చేశాడు. పైన కడ్డీ పట్టుకుని నందిగామ దాకా అలాగే నిలబడి వచ్చాడు.